యముడు తిరిగి ఇవ్వని ఇళ్ళ పిల్లల కోసం: ఒక ప్రణాళిక

పిల్లల కోసం తెలుగులో నవలలు రాయాలని, రాయించాలని, అచ్చువేయాలని, ఊరూరా చదివి వినిపించాలని విజయవాడలో కలుసుకున్నవాళ్ళం మేం. మాలో రచయితలున్నారు, బడిపంతుళ్ళున్నారు, బొమ్మలు వేసేవాళ్ళున్నారు, గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్ళున్నారు. మాకు కావలసిన నవల ఎలాంటిదో ముందే చెప్పేస్తాం. అందులో మాయ ఉండాలి. ఆ మాయ కృష్ణ ఒడ్డున నిజంగా గడిచిన ఒకానొక కాలంలో జరగాలి. కథ పదీ పన్నెండేళ్ళ పిల్లదో పిల్లవాడిదో కావాలి. ఆ ఇంట్లో ఒకరు చనిపోయి ఉండాలి. పుస్తకం అయిపోయేదాకా ఆ మనిషి చనిపోయే ఉండాలి.

ఆఖరి మాట దగ్గర చాలామంది ఉలిక్కిపడతారని తెలుసు. పిల్లల పుస్తకంలో చావెందుకండీ అంటారు. మేం పెట్టినా పెట్టకపోయినా చావు పిల్లల ఇళ్ళకు వస్తూనే ఉంది. వచ్చినప్పుడు మనం ఏం చేస్తున్నాం? ఇంట్లో మనిషి పోగానే పిల్లల్ని పక్కింటికి పంపేస్తాం. నాన్న ఊరెళ్ళాడంటాం, దేవుడి దగ్గరికి వెళ్ళాడంటాం, చుక్కైపోయాడంటాం. కొడుకైతే పదేళ్ళవాడి భుజాన నీళ్ళకుండ పెట్టి చితి చుట్టూ తిప్పి, తలకొరివి పెట్టించి, ఇక నువ్వే ఇంటికి పెద్దవాడివి, ఏడవకూడదు అని చెప్పి, పెద్దకర్మ కాగానే బడికి పంపిస్తాం. గుండు చూసి క్లాసులో పిల్లలు తిరుపతి వెళ్ళొచ్చావా అని అడుగుతారు. వాడు అవునంటాడు. ఆడపిల్లకైతే ఆ పెద్దరికపు మాటయినా దక్కదు. తల్లి గది తలుపు దగ్గర నిలబడి, చుట్టాలు లోపలికీ బయటికీ తిరుగుతుంటే అడ్డు తప్పుకోవడమే ఆమె పని. ఆ కొడుకు చేతికీ ఆ కూతురి చేతికీ ఇవ్వడానికి తెలుగులో ఇవాళ ఏ పుస్తకం ఉందో చెప్పండి.

పురాణాలున్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. మేమూ వాటి మీదే పెరిగాం. అయితే పిల్లలకు మనం ఏరి చెప్పే కథలు ఒక్కసారి వరసగా తలుచుకోండి. మార్కండేయుడు శివలింగాన్ని వాటేసుకుంటే యముడు వట్టి చేతులతో పోయాడు. సావిత్రి వెంటపడితే సత్యవంతుణ్ణి వదిలాడు. కచుడు మాటిమాటికీ చచ్చి మాటిమాటికీ బతికాడు. లక్ష్మణుడి కోసం హనుమంతుడు కొండనే మోసుకొచ్చాడు. మన డెల్టా ఊళ్ళలో తెల్లవార్లూ ఆడే హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను దగ్గర చంద్రమతి ఏడిస్తే జనమంతా ఏడుస్తారు. జాషువా పద్యాలకు వన్స్‌మోర్లు పడతాయి. ఆఖరికి లోహితుడు లేచి కూర్చుంటాడు. పిల్లల కథల్లో యముడు ఓడిపోతూనే ఉంటాడు. ఓడిపోవాలి కూడా, ఆ ధైర్యం పిల్లలకు అవసరమే. అయితే నిజంగా తండ్రిని పోగొట్టుకున్న పిల్ల ఈ కథలన్నీ విని మనసులో ఒక ప్రశ్న వేసుకుంటుంది: అమ్మ కూడా నోములు నోచింది కదా, మరి మా నాన్నను ఎందుకు వదల్లేదు? అమ్మ భక్తి చాల్లేదా? నేను గట్టిగా దణ్ణం పెట్టుకోలేదా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పే కథ ఆ పిల్లకు ఎవరూ చెప్పరు. మా ఉద్యమం ఆ పిల్ల కోసం.

జవాబు మన దగ్గర లేకపోలేదు. మన సాహిత్యం నడిమధ్యలో ఉంది, పిల్లల దాకా రాలేదు. తిక్కన తెలుగు చేసిన ఆశ్రమవాస పర్వంలో యుద్ధం ముగిసి ఏళ్ళు గడిచాక ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి అడవిలో ఉంటారు. పాండవులు చూడటానికి వెళ్తారు. ఇన్నేళ్ళయినా పోయినవాళ్ళ మీద దిగులు ఎవరికీ తీరలేదని వ్యాసుడు కనిపెడతాడు. ఒక రాత్రి అందరినీ గంగ ఒడ్డుకు తీసుకెళ్ళి నీళ్ళలో నుంచి కురుక్షేత్రంలో చచ్చినవాళ్ళను పిలుస్తాడు. కర్ణుడు వస్తాడు, అభిమన్యుడు వస్తాడు, దుర్యోధనుడు తమ్ముళ్ళతో వస్తాడు, ద్రౌపది కొడుకులు వస్తారు. ఎవరికీ ఎవరి మీదా పగ లేదు. తల్లులు కొడుకులతో ఆ రాత్రంతా గడుపుతారు. తెల్లవారేసరికి వచ్చినవాళ్ళు మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళిపోతారు.

మాయ, కుటుంబం, దుఃఖం మూడూ కలిసిన కథ ఇంతకన్నా ఏం కావాలి? అందులో చావును ఎవరూ కాదనలేదు. చూడాలన్న ఆశనూ ఎవరూ తప్పుపట్టలేదు. ఒక్క రాత్రి ఇచ్చారు. మా నవలల్లో మాయకు ఉండే హద్దు ఆ ఒక్క రాత్రే. పోయిన అక్క ఒకసారి కనిపించవచ్చు. పోయిన తాతయ్య గొంతు ఏటి మీద నుంచి వినిపించవచ్చు. చెప్పకుండా మిగిలిపోయిన మాట చెప్పవచ్చు. తెల్లవారాక వెళ్ళిపోవాలి. ఏ మంత్రంతోనైనా వాళ్ళను ఇంట్లో అట్టిపెట్టే నవల ఎంత బాగా రాసినా దాన్ని మా పేరు మీద తీసుకురాం.

అదే కథలో ఒకచోట మేం పాతదారి వదులుతున్నాం. భర్తల వెంట వెళ్ళదలుచుకున్న స్త్రీలు ఆ తెల్లవారుజామున గంగలోకి దిగి వాళ్ళతోపాటు వెళ్ళిపోతారు. మా పిల్ల దిగకూడదు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చినా వెనక్కి తిరిగి గట్టెక్కాలి. అక్కడ ఒక పిన్నో, మేనమామో, తమ్ముడో ఆమె కోసం చూస్తూ ఉండాలి. తనవాళ్ళు పోయిన పిల్లలకు వాళ్ళ దగ్గరికే వెళ్ళిపోదామన్న ఊహ రావడం పెద్దలు అనుకునేంత అరుదు కాదు. అందుకని ఈ ఒక్క నియమం విషయంలో ఏ రచయిత స్వేచ్ఛనూ ఒప్పుకోం.

బాలనాగమ్మ కథకు మేం రుణపడి ఉన్నాం. 1942లో జెమిని వాళ్ళ సినిమా రావడానికి ఎంతో ముందే బుర్రకథల్లో, వీధినాటకాల్లో తెలుగువాళ్ళకు అది కంఠతా వచ్చు. తల్లిని మాయల ఫకీరు కుక్కగా మార్చి తీసుకుపోతాడు. వెతుక్కుంటూ వెళ్ళిన తండ్రి రాయవుతాడు. ఉయ్యాలలో మిగిలిన పసివాడు పెద్దతల్లుల దగ్గర పెరిగి, నిజం తెలిశాక, పూలమ్మే అవ్వ ఇంట్లో తలదాచుకుని, ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉన్న ఫకీరు ప్రాణం పట్టుకొస్తాడు. అమ్మానాన్నలు ఏమయ్యారో ఎవరూ చెప్పని పిల్లవాడు తానే బయల్దేరిన కథ అది. అమ్మ దొరుకుతుంది సరే. ఉయ్యాలలో వదిలిన బిడ్డ ఇంత పొడుగై ఎదుట నిలబడ్డాడు. నడుమ పోయిన ఏళ్ళను ఏ మంత్రమూ తిరిగి తేలేదు. బుర్రకథ ఆ సంగతి మీద ఎక్కువసేపు నిలవదు. నవలకు నిలవగలిగే తీరిక ఉంది. మేం నవలే కావాలంటున్నది అందుకే.

చందమామ మీదా, బాలమిత్ర మీదా, బొమ్మరిల్లు మీదా మాకు ఎంత ప్రేమో చెప్పాలంటే మరో ప్రణాళిక కావాలి. చందమామ 1947లో మద్రాసులో పుట్టినా దాని వేళ్ళు మన డెల్టాలో ఉన్నాయి. దాని స్థాపకుల్లో ఒకరైన చక్రపాణి తెనాలివాడు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికకు భాష దిద్దిన కొడవటిగంటి కుటుంబరావు తెనాలివాడు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, పాతాళదుర్గం వంటి సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం తెనాలి దగ్గరి పల్లెవాడు. చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మలు చూసి ఎన్ని తరాల పిల్లలు రాక్షసులకు భయపడ్డారో లెక్క లేదు. ఆ సీరియళ్ళలోని రాజ్యాలు ఏ పటంలోనూ ఉండవు, అదే వాటి అందం. వాటి తరవాతి అడుగు ఇంకా పడలేదని మా బాధ. మాంత్రికుడు మన ఊరికి రాలేదు. మరోవైపు చారిత్రక నవల మనకు దండిగా ఉంది. అడవి బాపిరాజు హిమబిందులో శాతవాహనుల ధాన్యకటకం ఉంది, విషకన్య కూడా ఉంది. అది పెద్దలకు రాసింది. ఈ రెండు పాయలూ పిల్లల నవలలో కలవాలి.

మన ఊరి చరిత్రలో కథలు ఎక్కడున్నాయో ఒక్కటి చూపిస్తాం. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు దారిలో భట్టిప్రోలు ఉంది. 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రే అక్కడి స్తూపాన్ని తవ్విస్తే రాతి పేటికలు బయటపడ్డాయి. వాటిలో స్ఫటికపు బరిణెలు, ఎముక ముక్కలు, బంగారు పూలు, పూసలు ఉన్నాయి. పేటిక అంచు మీద, క్రీస్తుకు పూర్వపు లిపిలో, బుద్ధుడి ధాతువులు దాచడానికి దాన్ని ఎవరు చేయించారో రాసి ఉంది. కురుడి తండ్రి, కురుడి తల్లి, కురుడు, శివుడు. అంతే. తల్లిదండ్రుల సొంత పేర్లు లేవు. కొడుకు పేరు చెప్పి వాళ్ళను గుర్తుపట్టమంటోంది ఆ రాయి.

రెండువేల ఏళ్ళ పైమాట. ఒక కుటుంబం కలిసి, ఎప్పుడో పోయిన ఒక మహానుభావుడి ఎముక ముక్క కోసం, ఇంత శ్రద్ధగా పెట్టె చేయించింది. ఆ ఇంట్లో పేరు చెక్కించని కూతురు ఒకతె ఉందనుకోండి. శాసనం ఆ సంగతి చెప్పదు, నవల చెప్పవచ్చు. ఆమె ఆ స్ఫటికపు బరిణె చేతిలోకి తీసుకుంటే ఏం కనిపించింది? వాళ్ళ ఇంట్లో ఎవరు పోయారు? అప్పటికి ఘంటసాల దగ్గర ఓడలు ఆగేవి. గ్రీకు భూగోళకారుడు టాలమీ దాన్ని కంటకోస్సిల అని రాశాడు. ఇవాళ సముద్రం అక్కడికి దూరంగా జరిగిపోయింది. మనం నిలబడ్డ నేలే ఒకప్పుడు నీళ్ళయిన చోట మాయ కోసం వేరే లోకం కల్పించనక్కరలేదు. ఉండవల్లి గుహలో పడుకున్న అనంతశయనుడున్నాడు, మొగల్రాజపురం గుహలున్నాయి, కొండపల్లి కోట కింద తెల్లపొణికి కర్రతో ఏనుగు అంబారీలు చెక్కే ఇళ్ళున్నాయి. బొమ్మకు రంగు వేసే తాత పోయాక, సగం చెక్కి వదిలిన బొమ్మను మనవరాలు ఏం చేసిందన్నది ఒక నవలకు సరిపోతుంది.

ఇక సముద్రం. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద పడ్డ ఉప్పెనలో 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెనలో సర్కారు లెక్కకే పది వేల మంది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు చుట్టుపక్కల తాటిచెట్టంత అల అని ఇప్పటికీ చెబుతారు. పోయినవాళ్ళలో కూలిపనికి వచ్చి పాకల్లో ఉన్నవాళ్ళు, దళితులు, యానాదులు, వేట మీద బతికేవాళ్ళు ఎంతోమంది. ఆనాడు చెట్టు కొమ్మ పట్టుకుని బతికిన పిల్లలు ఇప్పుడు తాతలూ అమ్మమ్మలూ అయ్యారు. నిన్న మొన్న, 2024 సెప్టెంబరులో, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నడిచింది. బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉంది. డాబాల మీద కూర్చుని బిస్కెట్ పొట్లాల కోసం ఎదురుచూసిన పిల్లలు మన బడుల్లోనే చదువుతున్నారు. మన పిల్లలకు నీళ్ళంటే ఏమిటో తెలుసు. నీళ్ళలో నుంచి పోయినవాళ్ళు ఒక రాత్రికి తిరిగి వచ్చే కథ వాళ్ళకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

1977లోనే, దివిసీమకు ఉప్పెన వచ్చిన ఏడాదే, అమెరికాలో కేథరిన్ పేటర్సన్ బ్రిడ్జ్ టు టెరబీథియా అనే పిల్లల నవల ప్రచురించింది. ఆమె కొడుకు స్నేహితురాలు పిడుగు పడి చనిపోయింది. ఎనిమిదేళ్ళ కొడుక్కి ఏం చెప్పాలో తెలియక ఆ తల్లి నవల రాసింది. మరుసటి ఏడాది దానికి న్యూబెరీ పతకం వచ్చింది. ఇవాళ బెంజి సర్కిల్ దగ్గర ఇంగ్లీషు మీడియం పిల్లలు హ్యారీ పోటర్ ఏడు భాగాలూ చదివేస్తున్నారు. అమ్మానాన్నలు చచ్చిపోయిన పిల్లవాడి కథ కనుకనే అది ప్రపంచమంతా పాకింది. చదవనీయండి, మంచిదే. కానీ ఆ పిల్లల తాతయ్య పోయింది తెలుగులో. చుట్టాల ఏడుపు తెలుగులో. డాలస్‌లో ఉన్న తెలుగు పిల్ల నానమ్మ అంత్యక్రియలను ఫోనులో చూస్తూ అక్కడ వినే మాటలు తెలుగు మాటలు. ఆ దుఃఖానికి ఆ భాషలోనే పుస్తకం ఉండాలి.

రాసేవాళ్ళకు మేం పెట్టే షరతులు కఠినమైనవి. చరిత్ర కచ్చితంగా ఉండాలి. మిరపకాయ పోర్చుగీసువాళ్ళతో 16వ శతాబ్దంలో వచ్చింది కనుక శాతవాహనుల వంటింట్లో పచ్చడిలోకి మిరియాలే పడాలి. బెజవాడ ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో ముగిసింది కనుక 1833 నందన కరువులో నడిచే పిల్లవాడు డెల్టాలో కాలువ దాటకూడదు. వానకు ఎదురుచూసే చేలే దాటాలి. ఇంత పట్టింపు ఎందుకంటే, మాయ నమ్మాలంటే దాని చుట్టూ ఉన్న నేల గట్టిగా ఉండాలి. రాజుల పిల్లల మీద మోజు తగ్గించుకోవాలి. పెడనలో అద్దకపు అచ్చులు చెక్కేవాడి కూతురికీ, ఉప్పుకొటార్లలో పనిచేసే తల్లి కొడుక్కీ, పడవ సరంగు మనవడికీ కథలున్నాయి.

కుటుంబాన్ని ఉన్నదున్నట్టు రాయాలి. చావు తరవాత ఇంట్లో జరిగేవన్నీ పిల్లలు చూస్తారు. పొలం పంపకాల గొడవ చూస్తారు, అమ్మ గాజులు తీయడం చూస్తారు, బాబాయి మాట మారడం చూస్తారు. నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకుంటే వచ్చిన పిన్ని రాక్షసి కానక్కరలేదు. ఆ మూసను ఇప్పటికైనా వదలండి. పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూసే ఆ కాసేపు పెద్దవాళ్ళు గడియారం చూసుకుంటారు. పిల్లలు కాకినే చూస్తారు. అది రాదు. ఇంకా ఏం కోరిక మిగిలిందో అని పెద్దలు గుసగుసలాడుకుంటారు. అప్పుడు ఒక పిల్ల లేచి ఒక మాట చెప్పగానే కాకి వచ్చి వాలితే, అక్కడి నుంచి నవల మొదలుపెట్టవచ్చు. మాయ అంటే మేం కోరేది అదే. మన అరుగుల మీద, మన రేవుల్లో, మన ఆచారాల్లో ఇప్పటికే ఉన్నది. విదేశీ మాంత్రికుల బడిని కొండవీటికి తరలించి ఇదే మన కథ అంటే ఒప్పుకోం.

నవ్వు ఉండాలి. చావింట్లో కూడా పిల్లలు నవ్వుతారు, ఆడుకుంటారు, ఆకలేసి పులిహోర తింటారు. అది తప్పని ఎవరూ అనని పుస్తకాలు కావాలి. బొమ్మలు వేసినవారి పేరు రచయిత పేరంత అక్షరాల్లో అట్ట మీద ఉండాలి.

పుస్తకం పిల్లల దాకా చేరే దారి గురించి ఈ ఊరికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఈ బెజవాడలోనే. 1935లో పాతూరి నాగభూషణం కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కృష్ణ కాలువ మీద పుస్తకాల పడవ నడిపించాడు. రేవుకు పడవ వస్తే జనం పుస్తకం తీసుకునేవారు, తిరుగు పడవకు ఇచ్చేవారు. ఏలూరు రోడ్డు నిండా పుస్తకాల కొట్లున్నాయి, 1989 నుంచి ఏటా పుస్తకాల పండగ జరుగుతోంది. ఇంత ఉండీ పిల్లల నవల అడిగితే కొట్టువాడు పంచతంత్రం, తెనాలి రామకృష్ణ, నీతికథలు తీసి పెడుతున్నాడు. అతని తప్పేం లేదు, మనం రాయలేదు.

2028లో కృష్ణకు పుష్కరాలు వస్తాయి. పన్నెండేళ్ళకోసారి లక్షలమంది ఘాట్ల దగ్గరికి వచ్చి పోయినవాళ్ళ పేర్లు తలుచుకుని పిండాలు పెట్టి వెళ్తారు. మెట్ల మీద పిల్లలు చలికి వణుకుతూ కూర్చుని ఇదంతా చూస్తుంటారు. 2016లో అలా కూర్చున్న పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు, వాళ్ళకు మనం ఏమీ ఇవ్వలేకపోయాం. ఈసారి పుష్కరాల నాటికి మొదటి నవలలు అచ్చయి ఉండాలి. డెల్టాలోని ప్రతి శాఖా గ్రంథాలయంలో, ప్రతి ఉన్నత పాఠశాలలో ఉండాలి. అప్పటిదాకా చేతిరాత ప్రతులనే పట్టుకుని బడులకు వెళ్తాం. ప్రతి అధ్యాయం ముందు పిల్లలకే చదివి వినిపిస్తాం. వాళ్ళు ఎక్కడ కదిలారో, ఎక్కడ కిటికీలోంచి బయటికి చూశారో రాసుకుని, దాన్నిబట్టి తిరగరాస్తాం. విన్నాక ఏ పిల్లయినా తన ఇంటి సంగతి చెప్పడం మొదలుపెడితే ఆ రోజుకు పుస్తకం మూసేసి ఆ పిల్ల మాట వింటాం. ఆమె చెప్పినది ఆమె అనుమతి లేకుండా, ఇంట్లో పెద్దల అనుమతి లేకుండా ఏ నవలలోకీ రాదు.

దివిసీమ ఉప్పెన నాటి పిల్లలను, బుడమేరు నీళ్ళు చూసిన పిల్లలను, రాయగలిగిన ప్రతివారినీ, రాయలేకపోయినా చెప్పగలిగిన అమ్మమ్మలనూ పిలుస్తున్నాం. మీకు గుర్తున్న కథ సగమే గుర్తుంటే సగమే చెప్పండి. మీ ఇంట్లో పోయినవారి గురించి పిల్లలు అడిగిన ప్రశ్నలను ఉన్నవి ఉన్నట్టుగా రాసి పెట్టండి. జవాబులు మాకు అక్కరలేదు. మొదటి నవలల పని ఆ ప్రశ్నల నుంచే మొదలవుతుంది. కొల్లూరులోనో, కూచిపూడిలోనో, సింగ్ నగర్లోనో, మమ్మల్ని ఏ ఊరు పిలిస్తే అక్కడికి కాగితాలూ కలాలూ పట్టుకుని వస్తాం.